చోడవరమునుండి పట్టణమునకు

చోడవరము మేము మెట్టిన యూరు. చుట్టును చెఱకు తోటలు, వరిచేలు. నడుమ స్వయంభువుగా వెలసిన విఘ్నేశ్వరస్వామి యాలయము. 2022 సంవత్సరము ఏప్రిలు 4వ తేదీ వఱకు ఇది విశాఖపట్టణము జిల్లాలో నుండెను. ఆనాటినుండి క్రొత్తగా నేర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరినది. జిల్లా పేరు మాఱినను మా యూరివారి నోట “పట్టణము” అను మాటకు అర్థము మాఱలేదు. పెద్ద చదువునకైనను, పెద్ద జబ్బునకైనను, పెండ్లి చీరలకైనను పట్టణమనగా విశాఖపట్టణమే. మా యూరికి రైలు లేదు. రైలెక్కవలెనన్న అనకాపల్లికి పోవలయును. కావున మాకును పట్టణమునకును నడుమ గల బంధము బస్సు మాత్రమే.

ఇటీవల మా అత్తగారికి చూపు మందగించుటచే మేమును మా వదినగారును ఆమెను వెంటబెట్టుకొని పట్టణమునకు పోయి వచ్చితిమి. అది ఒక్క దినపు ప్రయాణమే. అయినను ఆనాడు కన్నవియు విన్నవియు మన స్త్రీలందఱును ఆలోచింపదగినవిగా తోచుటచే ఇచ్చట వ్రాయుచున్నాము.

తెల్లవాఱుసరికి స్వామికి మ్రొక్కుకొని బస్సు స్టాండు చేరితిమి. మేము కాపురమునకు వచ్చిన క్రొత్తలో ఆ వేళ అచ్చట మగవారే కనబడెడివారు. ఇప్పుడు చూడగా సగమునకు మించి స్త్రీలే. కూరగాయల గంపలతో కొందఱు, పుస్తకముల సంచులతో కొందఱు, చంటిబిడ్డల నెత్తుకొని ఆసుపత్రికి బయలుదేఱినవారు కొందఱు. ఈ మార్పునకు కారణము అందఱకును తెలిసినదే. 2025 ఆగస్టు 15వ తేదీన ఆంధ్రప్రదేశ ప్రభుత్వము “స్త్రీశక్తి” యను పేర స్త్రీలకు ఉచిత ప్రయాణము నేర్పాటు చేసినది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సులలో గుర్తింపు కార్డు చూపిన చాలును, రుసుము లేదు. ఇట్టి యేర్పాటు మనకంటె ముందు ఢిల్లీలో 2019లోను, తమిళనాటను 2021లోను, కర్ణాటకమున 2023 జూన్ నెలలోను, తెలంగాణమున ఆ సంవత్సరమే డిసెంబరు 9వ తేదీనను వచ్చినది.

బస్సు కదలిన పిమ్మట కండక్టరు మా ముగ్గుఱకును మూడు టిక్కెట్లు చించి యిచ్చెను. వానిపై సొమ్ము సున్న. మా అత్తగారు దానిని త్రిప్పి త్రిప్పి చూచి, “డబ్బు పుచ్చుకోనప్పుడు ఈ కాయితం ఏటికి బాబూ?” అని యడిగిరి. అతడు నవ్వి, “పారేయకు మామ్మా! ఇది లెక్కలోకి ఎక్కితేనే మాకు సర్కారు డబ్బు కడతాది. నువ్వు బస్సెక్కావని సాక్ష్యం ఇదే” అనెను. ఆమె దానిని మడచి తమలపాకుల సంచిలో దాచుకొనిరి. ఆ కండక్టరు మాట మాకు దినమంతయు మఱపునకు రాలేదు.

మా సీటు ప్రక్కను నిలుచున్న యొక బాలిక మా యూరిదే. ఇంటరు చదువు ముగిసిన తరువాత రెండేండ్లు ఇంటనే యుండెను. పట్టణపు చదువు తండ్రికి ఇష్టములేక కాదు. దినమునకు రానుపోను బస్సు రుసుము ఆ యింటికి భారమగుటచే. సున్న టిక్కెట్టు వచ్చిన తరువాత ఆ పిల్ల పట్టణములో డిగ్రీలో చేరి ప్రతిదినమును పోయివచ్చుచున్నది. ఆ మాట చెప్పునప్పుడు ఆమె మొగము విప్పారినది. ఉచితము వలన స్త్రీలు పనిలేక తిరుగుచున్నారని యెగతాళి చేయువారు ఈ పిల్లను చూచిన బాగుండును.

సబ్బవరము వచ్చినది. దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయము ఇచ్చటనే కలదు. ఊరి చెంతనుండి ఆనందపురము, అనకాపల్లులను కలుపు ఆఱు వరుసల జాతీయ రహదారి పోవును. దానిపై పరుగులిడు లారీలను, కార్లను జూచి మా వదినగారు, “ఇంత వెడల్పు దారిలో మన బస్సు నడిచిన ఎంత హాయి!” అనిరి. మా బస్సు నడుచునది పాత దారి. భీమునిపట్టణమును నర్సీపట్టణమును కలుపు ఈ దారినే ఈ ప్రాంతమువారు బి.ఎన్. రోడ్డందురు. చోడవరము, వడ్డాది మొదలగు ఊళ్ల ప్రజలకు ఇదియే ఆధారము. సరకుల దారికి ఆఱు వరుసలు, పల్లె స్త్రీ దారికి గుంతలు. ఇది యే యొక్కరి తప్పని మేము చెప్పము గాని, ధనము వెచ్చించుటలో ఏది ముందను ప్రశ్న మాత్రము ఇచ్చటనే పుట్టును.

పెందుర్తి దాటగానే పట్టణపు సందడి మొదలైనది. 1901లో సుమారు నలుబదివేల జనముగల యీ యూరు, 1933లో ఓడరేవు తెఱచిన పిమ్మట పెరిగి పెరిగి, 2011 జనాభా లెక్కనాటికి పదునేడు లక్షలు దాటినది. ఇంత పెరిగిన పట్టణమునకు రాకపోకల యేర్పాటు ఎట్లు చేయవలయునని ప్రభుత్వములు ఆలోచింపకపోలేదు. 2005 డిసెంబరులో కేంద్రప్రభుత్వ మారంభించిన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ నవీకరణ పథకము క్రింద, పెందుర్తినుండి పట్టణము నడిబొడ్డునకు ఎన్.ఏ.డి. కూడలి మీదుగా నొకటియు, సింహాచలము మీదుగా నొకటియు రెండు పెద్ద బస్సు దారులు నిర్మింప సంకల్పించిరి. రోడ్డు నడుమ కొంత భాగము బస్సులకే కేటాయించినచో కార్ల రద్దీలో చిక్కుకొనక బస్సు ముందుకు సాగునని దాని భావము. బ్రెజిలు దేశమున కురిటీబా నగరము 1974లోనే ఈ పద్ధతి నారంభించి లోకమునకు చూపినది. మన పట్టణమున రోడ్లు వెడల్పైనవి గాని, నడిమి దారి బస్సులకే యను నియమము నిలువలేదు. దారి కట్టుటకు సొమ్ము దొరకును. దానిని బస్సుకొఱకు కాపాడుటకు పట్టుదల కావలయును.

ఇప్పుడు మెట్రో రైలు మాట వినబడుచున్నది. 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టముననే విశాఖపట్టణపు మెట్రోను గూర్చి పరిశీలింపవలయునని వ్రాసిరి. 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వము మొదటి దశ ప్రణాళిక నామోదించినది. ఉక్కు కర్మాగారమునుండి కొమ్మాది వఱకు నొకటి, గురుద్వారనుండి పాత పోస్టాఫీసు వఱకు నొకటి, తాటిచెట్లపాలెమునుండి చిన వాల్తేరు వఱకు నొకటి. మూడును కలిసి 46.23 కిలోమీటర్లు, 42 స్టేషనులు, 11,498 కోట్ల రూపాయల వ్యయము. లెక్కవేసిన కిలోమీటరు ఒక్కంటికి సుమారు 249 కోట్లగును. మేమింటి ఖర్చు వ్రాసికొను గృహిణులము; అంత సంఖ్య చూచిన గుండె ఝల్లుమనును.

మేము మెట్రోను వలదనము. ఆ మొదటి మార్గము ఎన్.ఏ.డి. కూడలి మీదుగా పోవునట్లు నిర్ణయించినారు. మా బస్సు వచ్చునదియు ఆ కూడలికే. చోడవరపు బస్సు అచ్చట ప్రయాణికులను రైలునకు అప్పగించి వెంటనే వెనుదిరిగినచో, పట్టణపు రద్దీలో వ్యర్థమగు కాలము మిగిలి, అదే బస్సు దినమునకు మఱియొక పర్యాయము మా యూరికి రాగలదు. కాని యిందుకు రైలు కట్టునాడే బస్సును తలచుకొనవలయును. బస్సు దిగినచోటనే రైలెక్కు మార్గము, ఎండవానల కొక పందిరి, రాత్రి దీపము, శుభ్రమైన మరుగుదొడ్డి యుండవలయును. ఒకే టిక్కెట్టు రెంటికిని చెల్లవలయును. హైదరాబాదులో 2017 నవంబరులో ఆరంభమైన మెట్రోకు అచ్చటి స్త్రీల ఉచిత బస్సు టిక్కెట్టు చెల్లదు. ఇచ్చటను అట్లే యైనచో, పల్లెనుండి కూడలి వఱకు వచ్చిన స్త్రీ రైలును క్రిందినుండి చూచి బస్సుకొఱకే నిలుచుండును.

ఆసుపత్రిలో మా అత్తగారి కన్నులలో మందు వేసి, పాప విచ్చుకొను వఱకు కూర్చుండుమనిరి. వైద్యునకు కంటిపై ధ్యాస, మాకు గడియారముపై ధ్యాస. అందుకు కారణము కలదు. కొన్ని యేండ్ల క్రిందట ఇట్లే పట్టణము వచ్చి, చివరి బస్సు తప్పి, దారిలోని యొక కూడలిలో పసిబిడ్డతో రాత్రి చాలసేపు నిలువబడితిమి. దీపము లేదు, కూర్చుండుటకు బల్ల లేదు. వచ్చిన ఆటో లెక్కుటకు భయము, ఎక్కకుండుటకు అంతకంటె భయము. పల్లెనుండి వచ్చిన స్త్రీకి పట్టణము ఎనిమిది గంటలకో పది గంటలకో మూయబడదు. ఆమె చివరి బస్సు బయలుదేఱిన నిమిషముననే మూయబడును.

సాయంకాలము బస్సుకొఱకు వచ్చినచోట ఉదయపు బాలికయే మరల కనబడెను. ఆమె మొగమున ఉదయపు వెలుగు లేదు. సాయంత్రము కంప్యూటరు పని నేర్పు తరగతి యుండగా సగములోనే లేచి వచ్చినదట. ఒక దుకాణములో లెక్కలు వ్రాయు పని యిత్తుమనిరట గాని, రాత్రి ఎనిమిది వఱకు ఉండవలయుననుటచే వలదన్నదట. “అప్పుడు బస్సుకి డబ్బుల్లేక మానేశాను అత్తా, ఇప్పుడు డబ్బక్కర్లేదు గాని బస్సు లేదు” అని ఆ పిల్ల నెమ్మదిగా అన్నది. మాకు బదులు తోచలేదు.

బస్సు వచ్చిన వేళకే నిండినది. మా అత్తగారి కొక యువకుడు లేచి చోటిచ్చెను. దారి పొడవునను మేమాలోచించితిమి. అచ్యుతాపురమందలి వస్త్ర పరిశ్రమలో వేలకొలది స్త్రీలు పనిచేయుచున్నారు. ఊళ్లకు బస్సులు పోయి వారిని కొనివచ్చుటయు, దింపుటయు జరుగుచున్నది. బస్సు రానిదే పడతి రాదని వ్యాపారులకు తెలిసినది. పట్టణ ప్రణాళికలు వేయు పెద్దలకు తెలియుటకు మార్గమేది? ఆస్ట్రియా దేశమున వియన్నా నగరమువారు 1999లో ఒక పేటవారిని, ఏ పనికై ఎట్లు ప్రయాణము చేయుదురని యడిగిరి. పురుషుల జవాబులు పొట్టివి: ఇంటినుండి పనికి, పనినుండి ఇంటికి. స్త్రీల జవాబులు పొడవైనవి: బిడ్డను బడికి, ముసలివారిని వైద్యునికడకు, అటనుండి అంగడికి, అటనుండి ఇంటికి. ఆ జవాబుల నాధారము చేసికొని ఆ నగరమువారు కాలిబాటలను, దీపములను, రాకపోకల యేర్పాటులను దిద్దుకొనిరి. అడిగిన గాని తెలియదు. లెక్కలో లేనిది ప్రణాళికలో ఉండదు.

అప్పుడు కండక్టరు ఉదయమున చెప్పిన మాట అర్థమైనది. 1932లో నిజాము రాజ్యమున 27 బస్సులతో మొదలై, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా నేర్పడిన యీ వ్యవస్థలో, స్త్రీ చేయు ప్రయాణము ఇంతగా వ్రాతలోనికి ఎక్కుట ఇదియే మొదలు. ఏ యూరిలో ఎక్కినది, ఎచ్చట దిగునది, ఏ వేళ ప్రయాణించినది, అన్నియు ఆ సున్న టిక్కెట్టులో కలవు. ప్రభుత్వము సంస్థకు చెల్లించు సొమ్మునకు అదియే యాధారము. రేపు మా యూరికి మఱియొక బస్సు వేయవలయునా, రాత్రి బస్సు నడుపవలయునా యని విచారించునపుడును అదియే సాక్ష్యము కావలయును. దానిపై సొమ్ము సున్న గాని, దాని విలువ సున్న కాదు.

కావున సోదరీమణులారా! ఉచితమే కదా యని టిక్కెట్టు పుచ్చుకొనక కూర్చుండవలదు, అడిగి పుచ్చుకొనుడు. గ్రామసభ జరుగునపుడు నీటి కుళాయిని గూర్చి యడిగినట్లే చివరి బస్సు వేళను గూర్చియు అడుగుడు. పట్టణమునకు ఎన్ని కోట్లు, ఎన్ని కిలోమీటర్లు అని పెద్దలు చెప్పునపుడు, మా పిల్ల చీకటిపడిన తరువాత ఇంటికెట్లు చేరునని వినయముగా ప్రశ్నింపుడు. ఆ ప్రశ్నకు సమాధానము దొరకిననాడే ఆ కోట్లు సద్వినియోగమైనవని మనము నమ్మవచ్చును.

చోడవరములో దిగునప్పటికి దీపములు పెట్టు వేళ దాటినది. ఆ బాలికను ఇంటి వఱకు దిగబెట్టి మేమును ఇల్లు చేరితిమి. మా అత్తగారు తమలపాకుల సంచి విప్పి, పోవునప్పటివి మూడు, వచ్చునప్పటివి మూడు, ఆఱు టిక్కెట్లును తీసి దేవుని పటము వెనుక పెట్టిరి. ఎందుకని యడుగగా, “ఆరుసార్లు లెక్కలోకి ఎక్కాం కాదేటి, ఉండనీ” అనిరి.