ఒప్పుకోవడం ఫోనులోనే, కాదనాలంటే కోర్టుకే

నిలపకూడని చోట వాహనం నిలపడం చట్టం దృష్టిలో చిన్న తప్పిదమే అయినా, ఆ తప్పు చేయలేదని చెప్పుకోదలచిన మనిషి న్యాయమూర్తి ఎదుటికి చేరే దారి మాత్రం చిన్నది కాదని విజయనగరం కోర్టు పరిసరాలను చూసినవారికి త్వరలోనే బోధపడుతుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 122వ సెక్షను, ఇతరులకు ప్రమాదం గానీ అడ్డంకి గానీ తగని ఇబ్బంది గానీ కలిగేలా బండిని బహిరంగ స్థలంలో విడిచిపెట్టడాన్ని, నిలిపి ఉంచడాన్ని నిషేధిస్తుంది. 177వ సెక్షను కింద సాధారణ జరిమానా, 2019 సవరణ తరువాత, మొదటిసారి 500 రూపాయల వరకు, మళ్లీ చేస్తే 1,500 రూపాయల వరకు ఉంటుంది.

కోర్టు వెలుపల చెట్టు నీడన అర్జీలు రాసే ఒక వృద్ధ గుమాస్తా చేతులను ఎంతసేపు చూసినా తనివి తీరదు. కాగితం అంచును బొటనవేలితో మడిచి మార్జిను తీసి, చలానా నంబరులోని ఒక్కొక్క అంకెనూ వేలితో తాకి చదివిన తరువాతనే ఆయన కలం కదుపుతాడు. కదిపే ముందు, ఎదుట కూర్చున్న మనిషిని అసలేం జరిగిందని తప్పకుండా అడుగుతాడు. ఒక పూట ఆ ప్రశ్నకు ఒక ఆటో డ్రైవరు చెప్పిన జవాబు పక్కవారికీ వినిపించింది: "గంటస్తంభం కాడ ముసలమ్మని దించినాను, అంతే బాబూ. బండి వొగ్గేసి ఎక్కడికీ ఎల్లనేదు. ఈ మాట ఎవులికి సెప్పాల?" చలానా కట్టేస్తే ఫోనులోనే అయిపోతుందని, కాదంటే వాయిదాకు రావాలని గుమాస్తా బదులిచ్చాడు.

డ్రైవరు ప్రశ్న చట్టానికి సరిగ్గా సంబంధించినదే. 122వ సెక్షను ప్రకారం తేల్చవలసింది బండిని విడిచిపెట్టడం లేదా నిలిపి ఉంచడం, దానివల్ల అడ్డంకి వంటిది ఏర్పడడం కాగా, చలానాకు ఆధారమైన ఛాయాచిత్రం ఆగిన బండిని చూపగలదే తప్ప, అప్పుడు ఒక వృద్ధురాలు దిగుతున్న సంగతిని తప్పనిసరిగా చూపదు. ఎలక్ట్రానిక్ నిఘా ద్వారా చలానాలు జారీ చేసే పద్ధతిని నిర్దేశిస్తూ 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో చేర్చిన 167ఎ నియమం అనధికార పార్కింగునూ తన పరిధిలోకి తెచ్చుకుంది, నేరం జరిగిన 15 రోజులలోగా నోటీసు పంపాలన్నది, తాను వర్తించే నగరాల జాబితాలో శ్రీకాకుళాన్నీ విజయనగరాన్నీ పేర్కొన్నది.

దూరం నుంచి నేరాన్ని అంగీకరించే సౌకర్యం కొత్తదేమీ కాదు. మోటారు వాహనాల చట్టంలోని 208వ సెక్షను, సమను అందుకున్న వ్యక్తి మనియార్డరు కూపను మీదనే తప్పు ఒప్పుకుని డబ్బు పంపే వీలును ఏనాడో కల్పించింది. ఢిల్లీలో 2019లో మొదలై పలు రాష్ట్రాలకు విస్తరించిన వర్చువల్ కోర్టులు, అంటే ట్రాఫిక్ చలానాలను నిందితుడు హాజరు కానక్కరలేకుండా ఆన్‌లైన్‌లో పరిష్కరించే న్యాయస్థానాలు, ఆ వీలునే వేగవంతం చేశాయి. అయితే నిందితుడు అంగీకరించనన్న కేసు అక్కడ కూడా మామూలు కోర్టుకే బదిలీ అవుతుంది.

ఈ అసమానత అన్యాయమైనది. రథసప్తమికి అరసవల్లి వచ్చి శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలిలో చలానా పడిన ఇచ్ఛాపురం వాసి, 500 రూపాయల జరిమానాను ప్రశ్నించడానికి వంద కిలోమీటర్లకు పైగా తిరిగి ప్రయాణించి ఆనాటి సంపాదన వదులుకోవలసి వస్తే, అతడు తప్పు చేశాడో లేదో తేలకుండానే డబ్బు కట్టేస్తాడు. ఇంగ్లండు, వేల్సులలో లండన్ వెలుపలి స్థానిక సంస్థలు విధించే పార్కింగు జరిమానాలపై అప్పీళ్లను ట్రాఫిక్ పెనాల్టీ ట్రైబ్యునల్ ఆన్‌లైన్‌లో స్వీకరించి, ఫోను, వీడియో ద్వారా వాదన వింటుంది. భారత దేశంలోనూ 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 530వ సెక్షను విచారణలను ఎలక్ట్రానిక్ పద్ధతిలో జరపడానికి అనుమతిస్తున్నది.

కాబట్టి కొరవడినది చట్టం కాదు, సంకల్పం. చలానా సందేశంలో చెల్లింపు లంకెతో పాటు అభ్యంతరం నమోదు చేసే లంకె, వీడియో విచారణ తేదీ ఉండాలి. స్మార్ట్‌ఫోను లేనివారికి గ్రామ సచివాలయంలో ఆ ఏర్పాటు, వారి మాటను వారి యాసలోనే విని రాసిపెట్టే మనిషి ఉండాలి. అసలేం జరిగిందని గుమాస్తా వేసే ప్రశ్నకు చెల్లింపు తెర మీద చోటు లేనంతకాలం, వసూళ్లు ఎంత సులువైనా దానిని న్యాయవిచారణ అనడం తగదు.