పరదా చాటు ఫోటో

మా కొత్తపేట అంటే ఒకప్పుడు అందరికీ పళ్ళ మార్కెట్టే గుర్తొచ్చేది. 2021లో అది బాటసింగారం వెళ్ళిపోయింది. ఇప్పుడు ఇంటికి చుట్టాలొస్తుంటే, "విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషన్‌లో దిగండి" అని చెబుతున్నాం. ఆ పేరు ఇక్కడి అనాథ పిల్లల శరణాలయానిది. 1901లో విక్టోరియా రాణి పోయాక, ఆమె జ్ఞాపకార్థం ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ తన సరూర్‌నగర్ భవనాన్ని అందుకోసం ఇచ్చారు.

ఆ నిజాంగారి కాలం నాటి ఫోటోలు చూద్దామని మొన్న మా అమ్మాయితో పాతబస్తీలోని చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్ళాను. (శుక్రవారం సెలవు, గుర్తుంచుకోండి!) ఆయన ఆస్థాన ఫోటోగ్రాఫర్ పేరు లాలా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్దానాలో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇండోర్‌లో ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టారు. 'రాజా' బిరుదు నిజాంగారు ఇచ్చిందే.

అన్నిటికన్నా నాకు నచ్చిన సంగతి ఒకటుంది. 1892లో ఆయన హైదరాబాద్‌లో కేవలం ఆడవాళ్ళ కోసం జనానా స్టూడియో తెరిచారు. ఘోషా పాటించే ఇల్లాళ్ళు పరాయి మగవాడి ఎదుట కూర్చోరు కదా! అందుకని అక్కడ ఫోటోలు తీసే పని మిసెస్ కెన్నీ లెవిక్ అనే దొరసానికి అప్పగించారు. చుట్టూ ఎత్తయిన గోడలు కట్టించారు.

అది తెలిశాక మా అత్తగారు గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. ఇంట్లో ఏ శుభకార్యమైనా ఫోటోలు తీసే వేళకి ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయేవారు. ఫోటో అంటే భయమనుకున్నాం. భయం కాదేమో, కొత్త మనిషి ముందు నిలబడాలంటే సిగ్గేమో! మేమెవరం అడగలేదు. ఆవిడ పోయాక పటం కట్టిద్దామంటే దొరికింది ఓటరు కార్డు ఒక్కటే. దాన్ని పెద్దది చేయిస్తే ముఖమంతా మసక. "నానమ్మ ఇలాగే ఉండేదా అమ్మా?" అని మా అమ్మాయి అడిగితే ఏం చెప్పను?

దీన్‌దయాళ్‌గారి గాజు పలకల నెగటివ్‌లు రెండు వేలకు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. మన ఇళ్ళలో సెల్‌ఫోన్ నిండా ఫోటోలున్నా, అమ్మదీ అత్తదీ ఒక్కటి ఉండదు!

ఈ ఆదివారం పెద్దవాళ్ళని వెలుతురున్న గుమ్మంలో కూర్చోబెట్టి, మీరే ఒక ఫోటో తీయండి. కడిగించి, వెనకాల పెన్సిల్‌తో పేరు, సంవత్సరం రాయండి. ఆ తర్వాత కెమెరా వాళ్ళ చేతికిచ్చి మీరూ కూర్చోండి. తీసేది మనవాళ్ళేగా, సిగ్గెందుకు?