నిప్పు ఎక్కడ ఆగింది?

తెలుగులో ఎం.ఏ. పట్టా పుచ్చుకుని, ఇరవై ఏళ్ళుగా కళాశాలలో పాఠాలు చెబుతున్నవాడికి సంధులు విడదీయడం వస్తుంది, సమాసాలకు విగ్రహవాక్యాలు చెప్పడం వస్తుంది. స్కూటరు మొరాయిస్తే మాత్రం దాన్ని తన్నడం తప్ప మరొకటి రాదు. నేను ఆ జాతివాణ్ణి.

మా స్కూటరు నాన్నగారిది. 1984లో కొన్నారు. ఆ రోజుల్లో స్కూటరు కొనడమంటే కొట్టుకి వెళ్ళి తాళంచెవి పుచ్చుకు రావడం కాదు. ముందుగా డబ్బు కట్టి, పేరు రాయించుకుని, ఏళ్ళతరబడి వంతుకోసం కాచుకోవాలి. అలా వచ్చినదాన్ని ఆయన ఇంటి ఆడపిల్లలా చూసుకున్నారు. పదిహేనేళ్ళు నిండగానే ఒకసారి, ఆ తరవాత అయిదేసి ఏళ్ళకొకసారి రిజిస్ట్రేషను మళ్ళీ చేయించుకుంటూ వచ్చారు. ఎనభయ్యోపడిలో పడ్డాక మోకాళ్ళు మొండికెయ్యడంతో బండి నా చేతికి వచ్చింది.

నా చేతికి వచ్చిన ఏడాదికే దానికి జబ్బు చేసింది. పొద్దున్నే మూడో తన్నుకి చక్కగా పలికేది. తీరా నాలుగు కిలోమీటర్లు పోయి, కాలవ వంతెన ఎక్కేసరికి దగ్గి, తుమ్మి, ఆగిపోయేది. ఉత్తరీయం లేకపోయినా పంతులు పంతులే కదా! తెనాలి బజారులో పట్టపగలు బండిని తోసుకుంటూ పోతున్న నన్ను చూసి, నా శిష్యులు నమస్కారం పెట్టాలో, నవ్వాలో తెలియక రెండూ చేసేవారు.

నేనూ చేతులు ముడుచుకు కూర్చోలేదు. ప్లగ్గు పోయిందన్నారు; మార్చాను. రెండు రోజులు బాగానే ఉండి మళ్ళీ మొదలు. ఇంకో ప్లగ్గు, ఆపైన మరొకటి. పెట్రోలులో నీళ్ళు కలిశాయన్నారు, టాంకు ఒంపించాను. కార్బొరేటరు కడిగించాను, పాయింట్లు రుద్దించాను. చివరికి మా ఆవిడ, "ఏమండీ, ఈ డబ్బుతో నెలంతా ఆటోలో తిరగొచ్చు. దాన్ని వదిలించుకోండి" అంది. పాత ఇనుము కొనే ఆయనతో మూడు వేలకు బేరం కుదిరింది. ఆదివారం పొద్దున్న వస్తానన్నాడు.

ఈ సంగతి నాన్నగారితో ఎవరమూ అనలేదు. అనకూడదని కాదు, అనాలని తోచలేదు. ఆయన వరండాలో పడకకుర్చీలో పేపరు పట్టుకు కూర్చుంటారు. మేము మాట్లాడకపోలేదు. "మందు వేసుకున్నారా?" అంటాం. "అన్నం వడ్డించమంటారా?" అంటాం. ఆయన తల ఊపుతారు. ఈమధ్య మాట బాగా తగ్గిపోయింది, వయసు మీద పడింది కాబోలు అనుకున్నాం.

శనివారం సాయంత్రం బండిని తోసుకుంటూ వచ్చి గేటులో నిలబెట్టి, కసికొద్దీ ఇరవై తన్నులు తన్నాను. వరండాలోంచి మాట వినిపించింది.

"ఏరా, చల్లగా ఉన్నప్పుడు రానంటోందా, వేడెక్కాక ఆగుతోందా?"

నేను తెల్లబోయాను. నెల రోజులుగా అవస్థ పడుతున్నానే గాని, ఆ ప్రశ్న నేను వేసుకోలేదు.

"వేడెక్కాకేనండీ."

"అయితే అన్ని ప్లగ్గులెందుకు కొన్నావు?"

ఇంటరు చదువుతున్న మా అబ్బాయి ఆయన కుర్చీ తెచ్చి బండి పక్కన వేశాడు. తాతగారు చెప్పడం, మనవడు చెయ్యడం, నేను దీపం పట్టుకోవడం.

"ఇంజనుకి కావలసినవి మూడేరా అబ్బాయ్. పెట్రోలు కలిసిన గాలి, దాన్ని అదిమే పిస్టను, వేళకి నిప్పు. ఏది రావడం లేదో చూడకుండా మూడింటినీ తన్నితే ఏం లాభం? ప్లగ్గు విప్పు."

విప్పాడు. కొస తడిగా ఉంది.

"పెట్రోలు వస్తోందన్నమాట. దాని జోలికి పోకు. తుడిచి, టోపీ తగిలించి, ఇంజను ఇనుముకి ఆనించు. ప్లగ్గు తీసిన బెజ్జానికి దూరంగా సుమా, అక్కడ పెట్రోలు ఆవిరి ఉంటుంది. రబ్బరే పట్టుకో, వేల వోల్టులు. ఇప్పుడు తన్ను."

మునిమాపు చీకట్లో చిన్న మెరుపు కనబడింది. "వచ్చింది తాతగారూ!" అని కేక పెట్టాడు.

"ఏ రంగు?"

"పసుపు."

"నీలంగా రావాలి. చిటుక్కుమనాలి. ఒక్కొక్కటే మారుస్తూ వెనక్కి నడువు. రెండు ఒకేసారి మార్చావంటే దొంగెవరో తెలియదు."

కొత్త ప్లగ్గు పెడితే అదే పసుపు. తీగె కొస కత్తిరించి బిగిస్తే అదే పసుపు. ఫ్లైవీలు మీది మూత తీసి, దాని కిటికీలోంచి దీపం వేసి చూస్తే కంటాక్టు పాయింట్ల మొహాలు మాడి, గుంట పడి ఉన్నాయి.

"కిందటి వారమే రుద్దించానండీ" అన్నాను.

"వారానికే మళ్ళీ కాలాయంటే తప్పు వాటిది కాదు. కండెన్సరు పోయింది."

తరవాత ఆయన విడమరిచి చెప్పారు. ఈ బండిలో నిప్పుకి బాటరీ అక్కర్లేదు. ఫ్లైవీలులోని అయస్కాంతాలు తిరుగుతుంటే చుట్టలో కరెంటు పుడుతుంది. సరిగ్గా వేళకి పాయింట్లు విడిపోయి దాన్ని తటాలున తెంపుతాయి. ఆ తెగడంలోనే వేల వోల్టుల ఊపు పుట్టి ప్లగ్గుకి దూకుతుంది. తెగేటప్పటి పోటుని కండెన్సరు తనలోకి తీసుకోవాలి. అది పాడైతే మంట పాయింట్ల దగ్గరే రేగి, వాటిని కాల్చి, ప్లగ్గుకి నీరసం మిగులుస్తుంది. చల్లగా ఉన్నంతసేపూ ఎలాగో నెట్టుకొచ్చి, వేడెక్కగానే చేతులెత్తేస్తుంది. బొటనవేలంత వస్తువు!

అంత మాట ఆయన నోట విని ఎన్నాళ్ళయిందో! మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడి వింటోంది.

మర్నాడు మెకానిక్కుని పిలిచి, ఫ్లైవీలు ఊడదీయించి, కండెన్సరు మార్పించాం. పాయింట్ల మధ్య ఎడం అరమిల్లీమీటరుకి కాస్త లోపుగా సరిచేశాడు. నేను కొన్న మూడు ప్లగ్గుల ఖరీదులో సగమైనా కాలేదు. పాత ఇనుము ఆయన వచ్చేసరికి మా అబ్బాయి బండిని తుడుస్తున్నాడు. ఆయన సంచీ దులుపుకుని వెళ్ళిపోయాడు. బండిని పది కిలోమీటర్లు తిప్పి, సలసలకాగుతుండగా ఆపి, మళ్ళీ తన్నాను. మొదటి తన్నుకే పలికింది.

ఆ రాత్రి భోజనాలయ్యాక, "నాన్నగారూ, 1990 మే తుపానప్పుడు ఈ బండిమీద ఎలా తిరిగారండీ?" అని అడిగాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. పదిన్నరకి గాని లేవలేదు. నాకు పదేళ్ళప్పుడు జరిగిన కథ. ఆ ఇంటివాణ్ణే అయినా అందులో సగం నాకు తెలియదు.

లేవబోతూ, "ఆ పాత ప్లగ్గులేం చేశావురా?" అన్నారు.

"పారేద్దామనుకుంటున్నానండీ."

"పారెయ్యకు. వాటిలో తప్పేం లేదు. ఎవరూ సరిగ్గా చూడలేదు, అంతే."