చిలుకూరు... ఒక సభ, దాని వెనక ఓ గ్రంథాలయం

చిలుకూరు అనగానే చాలామందికి హైదరాబాద్ శివార్లలోని బాలాజీ గుడే గుర్తుకొస్తుంది. వీసా కోసం ప్రదక్షిణలు చేసే చిలుకూరు అది. ఇది వేరే. కోదాడ నుంచి హుజూర్‌నగర్ వెళ్లే దారిలో, సూర్యాపేట జిల్లాలో ఉంటుంది. సాగర్ ఎడమ కాలువ నీళ్లతో చుట్టూ వరిచేలు. పైకి చూస్తే మిగతా మండల కేంద్రాల్లాంటిదే. కానీ 1941లో నైజాం రాష్ట్రమంతా ఈ ఊరి వైపు చూసింది. ఆంధ్ర మహాసభ ఎనిమిదో మహాసభ జరిగింది ఇక్కడే. రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు. తర్వాత సాయుధ పోరాట నాయకుల్లో ఒకరిగా పేరు తెచ్చుకున్న దొడ్డా నర్సయ్యదీ ఈ ఊరే.

సభ పెట్టుకోవడమూ ఓ విశేషమేనా అనిపించొచ్చు. ఆ రోజుల్లో నిజంగానే విశేషం. ‘గస్తీ నిషాన్ 53’ అనే ఉత్తర్వు ప్రకారం నైజాంలో ఎవరైనా సభ పెట్టాలంటే ముందు సర్కారు అనుమతి తీసుకోవాలి. కోర్టుల్లో, కచేరీల్లో ఉర్దూ రాజ్యమేలుతుంటే, ఇంట్లో మాట్లాడే తెలుగుకు బయట విలువ లేదు. అలాంటిచోట తెలుగులో గొంతెత్తే అలవాటు ఎలా మొదలైంది? జవాబు కోసం ఎక్కువ దూరం వెళ్లక్కర్లేదు. మళ్లీ కోదాడ వచ్చి, హైవే దాటి ఉత్తరంగా నడిగూడెం వెళ్తే చాలు.

దివానుగారి ఊరు

నడిగూడెం, మునగాల ఇప్పుడు చిలుకూరుకు ఇరుగుపొరుగు మండలాలు. అప్పట్లో మాత్రం వేరే రాజ్యం. చుట్టూ నైజాం ఇలాకా, మధ్యలో మునగాల పరగణా ఒక్కటే బ్రిటిష్‌వారిది. మద్రాసు రాష్ట్రం కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలో దీవిలా ఉండేది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాకగానీ నల్గొండ జిల్లాలో కలవలేదు. దాని జమీందారు రాజా నాయని వేంకట రంగారావు కోట నడిగూడెంలో ఉంది. జాతీయ పతాక రూపకర్త పింగళి వెంకయ్య కూడా ఆ రాజావారి దగ్గర ఉండి వ్యవసాయ పరిశోధనలు చేశారు.

ఆ సంస్థానానికి దివానుగా పనిచేసినవారే కొమర్రాజు వేంకట లక్ష్మణరావు. 1877లో పెనుగంచిప్రోలులో పుట్టారు. తిరుపతమ్మ తల్లి గుడితో అందరికీ తెలిసిన ఊరే అది. జగ్గయ్యపేటకు దగ్గర్లో ఉంటుంది. చిన్నతనంలోనే తండ్రి పోతే కొన్నాళ్లు భువనగిరిలో, ఆ తర్వాత నాగపూర్‌లో అక్క భండారు అచ్చమాంబ ఇంట్లో ఉండి చదువుకున్నారు. 1900లో ఎంఏ పూర్తిచేశారు. మరాఠీలో వ్యాసాలు రాసేంత పట్టు సాధించారు.

అక్క బడికి వెళ్లలేదు. తమ్ముడితో పాటే చదువు నేర్చుకుని రచయిత్రి అయింది. కన్నబిడ్డలు ఇద్దరూ పోయినా అనాథ పిల్లలను చేరదీసి పెంచింది. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బందరులో బృందావన స్త్రీ సమాజం స్థాపించింది. 1905లో చిన్న వయసులోనే కన్నుమూసింది. తమ్ముడు తన కూతురికి అక్క పేరే పెట్టుకున్నారు. ఆ అమ్మాయే డాక్టరై, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు వెళ్లిన కొమర్రాజు అచ్చమాంబ.

ఓ ఇంట్లో మొదలై...

1901 సెప్టెంబరు 1న హైదరాబాద్ రెసిడెన్సీ బజారులో, రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది. అండ మునగాల రాజావారిది, ముందుండి నడిపించింది లక్ష్మణరావు. చోటు ఎంపికలోనే తెలివి ఉంది. ఊరు నిజాందే అయినా రెసిడెన్సీ బజారులో పెత్తనం బ్రిటిష్‌వారిది. నలుగురు కూర్చుని పత్రిక చదువుకున్నా, తెలుగులో ఉపన్యాసం విన్నా అడిగేవాళ్లుండరు.

లక్ష్మణరావు అక్కడితో ఆగలేదు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. చరిత్ర, సైన్సు, మహనీయుల జీవితాలు... ఇంగ్లిషు రానివాళ్లు కూడా చదువుకునేలా తెలుగులో అచ్చువేసి చందాదారులకు పంపడం దాని పని. రెండేళ్లకు మండలి మద్రాసుకు మారింది. ఆ తర్వాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలకెత్తుకున్నారు. మూడు సంపుటాలు వచ్చాయి. అచ్చులు దాటకముందే, 1923 జూలైలో ఆయన కన్నుమూశారు. అప్పటికి వయసు 46 ఏళ్లే.

హైదరాబాద్‌లో నాటిన మొక్క మాత్రం ఎదిగింది. భాషా నిలయానికి కార్యదర్శిగా పనిచేసిన మాడపాటి హనుమంతరావు, 1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘానికి పెద్దదిక్కయ్యారు. ఓ సభలో తెలుగులో మాట్లాడబోయిన వక్తను గేలిచేస్తే, ఆ అవమానంలోంచి పుట్టిన సంఘమది. ఊళ్లలో గ్రంథాలయాలు పెట్టించింది. అదే 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ అయింది. పదకొండేళ్లకు చిలుకూరు చేరింది.

రాజావారికీ ప్రశ్న

ఈ కథలో ఓ చిక్కు ఉంది. గ్రంథాలయాలకు అండగా నిలిచిన రాజావారి డబ్బు ఎక్కడిది? మునగాల రైతుల శిస్తుదే. 1930ల్లో అదే పరగణా రైతులు వెట్టి వద్దంటూ, జమీందారీ పెత్తనం మీద తిరగబడ్డారు. ఇటు చిలుకూరు సభ నాటికి ఆంధ్ర మహాసభ కూడా భాష దగ్గర ఆగిపోలేదు. భూమి, వెట్టి, కౌలు గురించి అడగడం మొదలైంది. చదువుకోవడానికి జనాన్ని ఒకచోట కూర్చోబెడితే, వాళ్లు పుస్తకం దగ్గరే ఆగరు. ఆ పుస్తకం కొనిచ్చిన దొరనూ లెక్క అడుగుతారు. లక్ష్మణరావు ఆ రోజు చూడలేదు. కానీ నలుగురు కలిసి కూర్చునే అలవాటు చేసినవారిలో ఆయన ముందువరసలో ఉంటారు.

హైదరాబాద్-విజయవాడ హైవే మీద వెళ్లేవాళ్లకు ఇవన్నీ ఓ పూటలో చూసే దూరంలోనే ఉన్నాయి. కోదాడ నుంచి ఓ వైపు చిలుకూరు, ఇంకో వైపు నడిగూడెం. విజయవాడ వైపు సాగితే పెనుగంచిప్రోలు. తిరిగొచ్చాక హైదరాబాద్‌లో సుల్తాన్‌బజార్ వెళ్తే భాషా నిలయం కనిపిస్తుంది. నూరేళ్లు దాటినా అది గ్రంథాలయంగానే ఉంది. లోపలికెళ్లి ఓ పుస్తకం తీసుకుని కాసేపు కూర్చోవచ్చు. దివానుగారు కోరుకున్నదీ అదే.