మూడున్నర అంగుళాల సందు

న్యూజెర్సీ రాష్ట్రంలోని ఎడిసన్. జనవరి నెల. కిటికీకి అవతల మోకాలి లోతు మంచు. ఇవతల రెండు నెలల పసివాడు. వాడి గుడ్డలే రోజుకు ముప్పై! కూతురికి పురుడు పోయడానికి తాడేపల్లిగూడెం నుంచి వెళ్లిన ఆ అమ్మమ్మకు అమెరికాలో అన్నీ నచ్చాయి, ఒక్క బట్టలు ఆరేసుకోవడం తప్ప. మన ఊళ్లో అయితే డాబా మీద తీగె కట్టి క్లిప్పులు పెడితే చాలు, గంటలో ఫెళఫెళలాడుతూ ఆరిపోతాయి. అక్కడ ఎండా లేదు, డాబా లేదు. వెనక బాల్కనీలో తాడు కడదామంటే కాలనీ సంఘం ఒప్పుకోదు.

"డ్రయ్యర్ ఉందిగా అమ్మా, అందులో పడేయ్" అంది కూతురు.

పడేసింది. గంట తిరిగాక తీసి చూస్తే బట్టలు వేడిగానూ ఉన్నాయి, తడిగానూ ఉన్నాయి. ఇంకో గంట తిప్పితే గానీ ఆరలేదు. వారం తిరిగేసరికి రెండు గంటలు కాస్తా మూడయ్యాయి. చేసేది లేక ఆవిడ మనవడి గుడ్డల్ని కుర్చీల మీదా, మంచం కోళ్ల మీదా ఆరేయడం మొదలుపెట్టింది.

"మెషీన్ పాడైనట్టుంది అత్తయ్యగారూ, ఈ వారం కొత్తది ఆర్డర్ పెట్టేస్తాను" అన్నాడు సాఫ్ట్‌వేర్ ఇంజినీరైన అల్లుడు.

ఇదంతా సోఫాలో కూర్చుని వింటున్నారు మామగారు. ముప్పై ఏళ్లు రైసు మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఎవరి మోటారు ఆగినా ఆయనకే కబురొచ్చేది. అమెరికా వచ్చాక చేతికి పని లేకుండా పోయింది. కారు నడపలేరు. మంచులో నడవనివ్వరు. గిన్నెలు సర్దబోతే "నువ్వు కూర్చో నాన్నా" అంటుంది కూతురు. ప్రేమతో అనే మాటే. అయినా రోజుకు పదిసార్లు వింటుంటే తను ఆ ఇంట్లో ఓ సామాను అయిపోయినట్టు అనిపించేది.

ఆ సాయంత్రం లేచి, మెట్ల కింద ఉన్న లాండ్రీ అర తలుపు తీశారాయన. తిరుగుతున్న డ్రయ్యర్ మీద చెయ్యి పెట్టి, చటుక్కున తీసేశారు. పెనంలా ఉంది. ముక్కుకు సన్నగా మాడిన గుడ్డ వాసన. మెషీన్ ఆపేసి అల్లుణ్ని పిలిచారు.

"దీని గాలి ఎటు పోతుంది అల్లుడుగారూ?"

ఇల్లు కొనుక్కుని రెండేళ్లయినా ఆ ప్రశ్న ఎవరూ వేసుకోలేదు. "బయటికే పోతుందనుకుంటా మామయ్యగారూ..." అన్నాడు అల్లుడు.

డ్రయ్యర్ చేసే పని చాలా మామూలుది. వేడి గాలిని తడి బట్టల్లోంచి తోస్తుంది. ఆ గాలి నీటి ఆవిరినీ, బట్టల నుంచి ఊడిన నూలు పీచునూ మోసుకుని బయటికి వెళ్లాలి. ఆ పీచునే వాళ్లు లింట్ అంటారు. తలుపు దగ్గరున్న జల్లెడలో కొంత చిక్కుకుంటుంది. చిక్కనిది గొట్టంలోకి పోతుంది. గొట్టం బిగుసుకుపోతే ఆవిరికి దారి ఉండదు, బట్టలు ఆరవు, మెషీన్ వేడెక్కుతుంది. ఆ వేడి పక్కనే ఎండిన పీచు. దూదికి నిప్పు దగ్గరైతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అమెరికా అగ్నిమాపక శాఖ లెక్క ప్రకారం 2008-10 మధ్య డ్రయ్యర్ల వల్ల ఏటా సగటున 2,900 ఇళ్లలో మంటలు లేచాయి. ఏడాదికి అయిదుగురు చనిపోయారు, వంద మంది గాయపడ్డారు. శుభ్రం చేయకపోవడమే ఆ ప్రమాదాలకు మొదటి కారణమని తేలింది.

ఆ లాండ్రీ అరకు సరిగ్గా పైగదిలోనే పసివాడి ఉయ్యాల!

"కొత్త మెషీన్ తెచ్చినా ఇదే మూలలో, ఇదే గొట్టానికే పెడతారు కదా? ముందు దీని వెనక చూద్దాం" అన్నారాయన. బ్రేకర్ కట్టేసి, ప్లగ్గు పీకి, ఇద్దరూ కలిసి డ్రయ్యర్‌ను ముందుకు లాగారు.

వెనక కనిపించింది అల్యూమినియం కాగితంలాంటి మడతల గొట్టం. డ్రయ్యర్ తెచ్చి బిగించినవాళ్లు ముందున్న తలుపు మూసుకోవాలని దాన్ని గోడకేసి నెట్టేశారు. నాలుగంగుళాల గొట్టం అప్పడంలా నలిగిపోయింది. విప్పి దులిపితే, ఓ చిన్న దిండుకు సరిపడా బూడిదరంగు పీచు రాలింది. ఒకచోట అది గోధుమరంగుకు తిరిగి ఉంది. అల్లుడి మొహంలో రంగు మారింది. పైకి చూశాడు, ఉయ్యాల ఉన్న గది వైపు.

"మా మిల్లులో బ్లోయర్ గొట్టాలూ ఇంతే" అన్నారు మామగారు. "తవుడు దుమ్ము మోసే గాలి నున్నటి దారిలో, తిన్నగా పోవాలి. వంపు తిరిగిన ప్రతిచోటా గాలి నీరసిస్తుంది, దుమ్ము కిందికి దిగుతుంది. మడతలుంటే ఇక చెప్పక్కర్లేదు."

ఆ రాత్రి భోజనాలయ్యాక బల్ల మీద అట్టముక్క, పెన్సిల్, టేపు. మామా అల్లుళ్లిద్దరూ లెక్కలకు కూర్చున్నారు. వెనక గోడ నుంచి తలుపు దాకా 34 అంగుళాలు. డ్రయ్యర్ లోతు ముప్పైన్నర. మిగిలింది మూడున్నర అంగుళాల సందు. నాలుగంగుళాల గుండ్రటి గొట్టం అందులో ఎలా పడుతుంది?

మర్నాడు హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్లి ఒంపు బిగుతుగా ఉండే రేకు ఎల్బో తెచ్చారు. బిగించి చూస్తే తలుపు మూడు వేళ్ల మందాన తెరుచుకునే ఉంది. కొన్నది వెనక్కిస్తే తీసుకునే దేశం కాబట్టి డబ్బు పోలేదు గానీ, ఓ పూట పోయింది.

ఇక మిగిలిన దారులు మూడు. గోడ కోసి, లోపల రేకు పెట్టె అమర్చి, గొట్టం వంపును అందులో దాచడం మొదటిది. సందు లేనిచోట ఇది మంచి పద్ధతే. కానీ ఆ గోడలోనే వాషింగ్ మెషీన్ నీళ్ల పైపులున్నాయి. రెండోది, గొట్టమే అక్కర్లేని హీట్ పంప్ డ్రయ్యర్ కొనడం. అది ఆవిరిని లోపలే నీరుగా మార్చేస్తుంది, కరెంటూ తక్కువే. కాకపోతే ఖరీదెక్కువ, ఆరడానికి సమయమూ ఎక్కువే. రెండేళ్లనాటి మెషీన్‌ను పారేయడానికి అల్లుడికి మనసొప్పలేదు. మూడోది పెరిస్కోప్ గొట్టం. చదునుగా, దీర్ఘచతురస్రంగా ఉండే రేకు గొట్టమిది. మందం రెండున్నర అంగుళాలే. రెండు కొసల్లోనూ గుండ్రటి మూతులుంటాయి. ఒకటి డ్రయ్యర్‌కు, ఒకటి గోడకు. ఒకదానిలోంచి ఒకటి జరుగుతుంది కనక పొడవు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు.

డ్రయ్యర్ రంధ్రం కన్నా గోడ రంధ్రం 18 అంగుళాలు పైన, 8 అంగుళాలు ఎడమకు ఉంది. ఆయన ఓ దారం తీసి ఏటవాలుగా పట్టుకున్నారు. దాదాపు ఇరవై. అల్లుడు ఫోన్‌లో లెక్కేసి చూసి నవ్వాడు, "పందొమ్మిది పాయింట్ ఏడు మామయ్యగారూ!" 18 నుంచి 29 అంగుళాల దాకా సాగే రకం సరిపోతుంది.

ఇంకో లెక్క ఉంది. అమెరికాలో చాలా రాష్ట్రాలు పాటించే ఇళ్ల నిర్మాణ నియమావళి ప్రకారం డ్రయ్యర్ గొట్టం 35 అడుగులు దాటకూడదు. తొంభై డిగ్రీల వంపు తిరిగిన ప్రతిసారీ అందులోంచి అయిదడుగులు తీసేయాలి. గోడలో గొట్టం ఆరడుగులు పైకి, ఆరడుగులు పక్కకు వెళ్లి బయటపడుతోంది. మొత్తం పన్నెండు. అందులో రెండు వంపులకు పది. పెరిస్కోప్ పొడవు సుమారు రెండడుగులు, దాని రెండు మలుపులకు ఇంకో పది. కూడితే 34. "ఒక్క అడుగు మిగిలింది" అన్నారు మామగారు, పొలం గట్టు కొలిచినంత తృప్తిగా.

ఆ శనివారం ఇద్దరూ పనిలోకి దిగారు. గోడలోని గొట్టాన్ని పొడవాటి బ్రష్షుతో రెండు వైపుల నుంచీ దులిపారు. బయటి గోడ దగ్గర నిచ్చెన వేసి చూస్తే ఇంకో వింత. పిట్టలు దూరకుండా ఎవరో సన్నటి జాలీ బిగించారు. దాని నిండా పీచు అట్టకట్టింది. డ్రయ్యర్ గొట్టం మూతికి జాలీ పెట్టకూడదని నియమాల్లోనే ఉంది. గాలి తోస్తే తెరుచుకుని, ఆగితే మూసుకునే రేకు మూత ఒక్కటే ఉండాలి. జాలీ ఊడబెరికారు.

లోపల అల్లుడు స్క్రూలు తీశాడు, గొట్టం అతుకుకి బిగిద్దామని. మామగారు చెయ్యి అడ్డుపెట్టారు. "లోపలికి మొన పొడుచుకొస్తే దానికే పీచు తగులుకుంటుంది. మిల్లులో ఇలాగే ఒకసారి గొట్టమంతా పూడిపోయింది." బయట నుంచి బిగించే క్లాంపులు వేశారు. అతుకుల మీద అల్యూమినియం టేపు చుట్టారు. మామూలు గుడ్డ టేపు ఆ వేడికి కొన్నాళ్లకు ఊడి వస్తుంది.

మెషీన్‌ను మెల్లగా వెనక్కి తోశారు. ఆయన పక్కనుంచి టార్చి వేసి చూస్తూ "ఆగండి... ఇంకొంచెం... చాలు" అంటూనే ఉన్నారు. తలుపు మూసుకుంది. టక్ మని చప్పుడైంది.

ప్లగ్గు పెట్టి, తడి తువ్వాళ్లు వేసి తిప్పారు. అల్లుడు బయటికి పరుగెత్తాడు. మంచులో నిలబడి అరిచాడు, "మూత లేచింది మామయ్యగారూ! ఆవిరి వస్తోంది!" యాభై నిమిషాల్లో తువ్వాళ్లు పొడిపొడిగా బయటికి వచ్చాయి. అమ్మమ్మ ఒకటి తీసి చెంపకు ఆనించుకుంది. "డాబా మీద ఆరేసినట్టే ఉన్నాయండీ" అంది. ఆయనకు అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ అక్కర్లేదు.

పెరిస్కోప్‌కీ ఓ ఇబ్బంది ఉంది. దారి ఇరుకు కనక పీచు తొందరగా చేరుతుంది. ఏడాదికి ఒకసారైనా విప్పి దులపాల్సిందే. ఆయన ఆ తేదీని లాండ్రీ అర తలుపు లోపలి వైపు మార్కర్‌తో రాసి పెట్టారు. కిందే ఇంకో నాలుగు ముక్కలు రాశారు: వేసిన ప్రతిసారీ జల్లెడ తీసి తుడవాలి. పడుకునేటప్పుడు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు తిప్పకూడదు. బట్టలు ఒక్కసారికి ఆరకపోయినా, గదిలో చెమ్మ వాసన వచ్చినా ఆపేసి వెనక చూడాలి. బయట మూత లేస్తోందో లేదో నెలకోసారి చూడాలి.

ఆ రోజు నుంచి ఇంట్లో ఓ మార్పు వచ్చింది. వంటింటి కుళాయి కారుతోందని కూతురు పిలిచింది. గ్యారేజీ తలుపు కిర్రుమంటోందని అల్లుడు పిలిచాడు. పక్కింటి తెలుగు కుర్రాడు "అంకుల్, మా డ్రయ్యర్ కూడా ఒకసారి చూస్తారా?" అని వచ్చాడు. "నువ్వు కూర్చో నాన్నా" అనే మాట మెల్లగా తగ్గిపోయింది.

ఇప్పుడు ఆ దంపతులు తాడేపల్లిగూడెం వచ్చేశారు. ప్రతి ఆదివారం పొద్దున వీడియో కాల్. అమ్మమ్మ ముందుగా మనవణ్ని చూపించమంటుంది. తాతగారు మాత్రం ఆవిడ భుజం మీంచి తొంగిచూస్తూ ముందు ఓ ప్రశ్న వేస్తారు.

"జల్లెడ తుడిచారా అల్లుడుగారూ?"

"తుడిచాం మామయ్యగారూ" అంటూ ఆ చివర అల్లుడు గుప్పెడు పీచు కెమెరాకు చూపిస్తాడు. మనవడి ముచ్చట్లు ఆ తర్వాతే.