సైన్యంలో స్వలింగ ప్రియులు: ఈ భయానికి ఆధారమేది?

స్వలింగ ప్రియులను సైన్యంలోకి రానివ్వవచ్చా అని అడుగుతుంటారు. వాళ్ళు ఎప్పటినుంచో అక్కడే ఉన్నారు. లక్షల మంది పనిచేసే ఏ సంస్థలోనైనా ఉంటారు. తేల్చవలసిందల్లా, తామెవరో చెప్పుకుని పనిచేయవచ్చా, లేక రిటైరయ్యేదాకా అబద్ధమాడాలా అన్నది.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, వయోజనుల మధ్య అంగీకారంతో జరిగే స్వలింగ సంపర్కం నేరం కాదని తీర్పు చెప్పింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 377వ సెక్షన్‌కు చోటే లేదు. (మగవాళ్ళ మీద జరిగే అత్యాచారానికి ఉన్న కాస్త రక్షణ కూడా దాంతోపాటే పోయింది. అది మరో వ్యాసం.)

సైన్యం మాత్రం ఆ తీర్పు తనకు పట్టనట్లే ఉంది. 2019 జనవరిలో అప్పటి ఆర్మీ చీఫ్ జనరల్ బిపిన్ రావత్ విలేఖరులతో మాట్లాడుతూ, సైన్యం సంప్రదాయబద్ధమైనదనీ, ఇలాంటివి తమకు ఆమోదం కాదనీ, ఆర్మీ చట్టం కింద చర్య తీసుకుంటామనీ అన్నారు. 1950 నాటి ఆ చట్టంలో 46వ సెక్షన్ క్రూరమైన, అసభ్యమైన, ‘అసహజమైన’ ప్రవర్తనకు ఏడేళ్ళ వరకు జైలుశిక్ష వేయవచ్చంటుంది. రాజ్యాంగం 33వ అధికరణం ప్రకారం సైనికుల ప్రాథమిక హక్కులను పార్లమెంటు కుదించవచ్చు. సరే, కుదించవచ్చు. కారణం చూపాలి గదా!

మా మేనమామ ఇరవై నాలుగేళ్ళు సైన్యంలో పనిచేసి సుబేదారుగా రిటైరయ్యాడు. ఈ తీర్పు వచ్చిన ఏడాది సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆయనతో చాలాసేపు వాదించాను. “ఒరేయ్, మీకు పుస్తకాలే తెలుసు. ముప్పై మంది ఒకే బ్యారక్‌లో పడుకుంటార్రా. బంకరులోనైతే ఒకడి ఊపిరి ఇంకొకడికి తగులుతుంది. అక్కడ ఇట్లాంటివాడున్నాడని తెలిస్తే నలుగురూ ఊరుకుంటారా?” అన్నాడు. “నీకు తెలిసి ఎవరూ లేరా మామయ్యా?” అన్నాను. కాసేపు మాట్లాడలేదు. “ఉన్నాడు. అందరికీ తెలుసు. మంచి సిగ్నల్‌మేన్. ఎవడూ పైకి అనలేదు, అంతే” అన్నాడు.

అంటే నలుగురూ ఊరుకున్నారు! నాకు దొరికిన సాక్ష్యాల్లో ఇదే గట్టిది. అయినా ఒక్క మనిషి అనుభవాన్ని రుజువుగా చూపడం హేతువాదికి తగదు కనుక పెద్ద ఉదాహరణలు చూద్దాం.

కెనడా సైన్యం 1980లలో సర్వే చేస్తే, స్వలింగ ప్రియులతో ఒకే గదిలో పడుకోమని సగానికి పైగా మగ సైనికులు చెప్పారు. కోర్టు కేసు కారణంగా 1992లో నిషేధం ఎత్తేశారు. ఆ సైన్యం కుప్పకూలలేదు. జనం సర్వేలో చెప్పేది వేరు, పక్క మంచం మీద మనిషి పడుకున్నాక చేసేది వేరు. బ్రిటన్ రక్షణశాఖ కూడా సైనికుల అయిష్టాన్నే కారణంగా చూపింది. 1999 సెప్టెంబరులో యూరోపియన్ మానవహక్కుల కోర్టు దాన్ని ఒప్పుకోలేదు. వేరే జాతివాడంటే ఇష్టంలేదంటే అది ఎలా కారణం కాదో, ఇదీ అంతేనన్నది. 2000 జనవరిలో నిషేధం పోయింది. 2023లో ఆ దేశ ప్రధాని పాత బాధితులకు పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. అమెరికాలో 1993 నాటి ‘అడగవద్దు, చెప్పవద్దు’ విధానం కింద సుమారు 13 వేల మందిని పంపేశారు. ఇరాక్‌లో యుద్ధం చేస్తూ అరబిక్ తెలిసిన అనువాదకులను కూడా వదులుకున్నారంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. 2011 సెప్టెంబరులో ఆ విధానానికి తెరపడింది.

అవన్నీ పాశ్చాత్య దేశాలు, మన జవాన్లు పల్లెటూళ్ళ నుంచి వచ్చినవాళ్ళు అంటారా? ఈ మాట మన సుప్రీంకోర్టు ముందుకూ వచ్చింది, ఆడవాళ్ళ విషయంలో. గ్రామీణ నేపథ్యం ఉన్న జవాన్లు మహిళా అధికారుల ఆజ్ఞలను స్వీకరించే మానసిక స్థితిలో లేరని కేంద్రం వాదించింది. 2020 ఫిబ్రవరి 17న కోర్టు దాన్ని తోసిపుచ్చి, మహిళలకు శాశ్వత కమిషన్ ఇవ్వమన్నది. పాపం పల్లెటూరి జవాను! పైవాళ్ళకు ఇష్టంలేనిదల్లా అతని నెత్తినే రుద్దుతారు.

రహస్యం ఉన్నవాణ్ణి శత్రువు బెదిరించి లొంగదీసుకుంటాడని మరో వాదన. రహస్యాన్ని సృష్టించింది నిషేధమే. అందరికీ తెలిసిన విషయంతో ఎవరిని బెదిరిస్తారు?

మామయ్య అడిగిన వాటిలో ఒకటి మాత్రం కొట్టిపారేయలేనిది. పై అధికారి తన కింది జవానును బలవంతపెడితే? సైన్యంలో కాదనడం తేలిక కాదు. అక్కడ కఠినమైన శిక్ష ఉండాలి, బాధితుడు ఆడైనా మగైనా. కానీ ‘అసహజం’ అనే మాట అంగీకారం ఉందా లేదా అని అడగదు. బలవంతానికి గురైన జవాను ఫిర్యాదు చేయబోతే తన మీదే అనుమానం వస్తుందేమోనని భయపడతాడు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని మనకు తెలియదా?

ఇంతకీ నన్ను ఎక్కువ బాధపెట్టింది మామయ్య కాదు. దేవుణ్ణి నమ్మని మా సంఘం మిత్రుడొకరు, “ఎంతైనా ప్రకృతి విరుద్ధం కదండీ” అన్నారు. ప్రకృతికి విరుద్ధం కావాలంటే ముందు ప్రకృతికి ఒక ఆజ్ఞ ఉండాలి. ఆజ్ఞాపించేదెవరు? 1860 నాటి శిక్షాస్మృతిలోకి ఆ పదబంధం క్రైస్తవ మతశాస్త్రం నుంచి దిగివచ్చింది. తిరుపతి లడ్డూ వద్దనే మనం దాన్ని మాత్రం కళ్ళకద్దుకుని తీసుకుంటున్నాం. ఆ మాటకొస్తే సియాచిన్ మంచులో మనిషి కాపలా కాయడం కన్నా అసహజమైనది ఏముంది?

46వ సెక్షన్‌లో ‘అసహజమైన’ అన్న మాట తీసేసి, అంగీకారం లేని చర్యలను స్పష్టంగా పేర్కొనాలని పార్లమెంటును కోరుతూ వచ్చే సమావేశంలో తీర్మానం పెడుతున్నాను. వ్యతిరేకిస్తానని ఆ మిత్రుడు ముందే చెప్పారు. రమ్మన్నాను, ఆధారాలు పట్టుకుని.