పగకు రెండు గోతులు

"పగ" అను మాటకు రెండే యక్షరములు. పలుకుటకు రెప్పపాటు కాలము చాలును. దింపుకొనుటకు ఏండ్లును చాలవు. ఈ సంగతి పెద్దలు చెప్పగా అనేక పర్యాయములు వింటిని. కాని విన్నదానిని నమ్ముటకు నాకొక జపాను బొమ్మల చిత్రము కావలసివచ్చెను. దానితోపాటు ఒక రాత్రి నా పుస్తకాల సంచిలో దాగియున్న పరుల పుస్తకము కూడ కావలసివచ్చెను. ఆ రెంటి కథయే యీ వ్యాసము.

గడచిన దసరా సెలవులలో మా పెదనాన్నగారి కుమారుడు విశాఖపట్నమునుండి బరంపురమునకు వచ్చెను. మేడమీద కూర్చుండి అన్నయ్య తన ఫోనులో "జిగోకు షోజో" అను చిత్రమాలికను నాకు చూపెను. "నరక బాలిక" యని దాని యర్థము. ఇట్టి జపాను బొమ్మల చిత్రములను ఆనిమే యందురు. మాటలు జపాను భాషలో వినవచ్చుచుండెను; అడుగున ఇంగ్లీషు అక్షరములు పరుగెత్తుచుండెను; వీధిలోనుండి ఒడియా కేకలు వచ్చుచుండెను; నేను మాత్రము అన్నిటిని తెలుగులోనే తలపోయుచుంటిని. మనవంటి వారికిది క్రొత్తగాదు గదా!

ఈ మాలిక తొలి విడత 2005 అక్టోబరునుండి 2006 ఏప్రిలు వరకు జపానులో ప్రసారమయ్యెను. అందు 26 భాగములు కలవు. స్టూడియో డీన్ అను సంస్థవారు దానిని నిర్మించిరి. దర్శకుడు ఒమోరి తకహిరో. పిమ్మట 2006లోను, 2008లోను మరి రెండు విడతలు ప్రారంభమయ్యెను. 2017లో ఒక చిన్న విడత వెలువడెను. నేను తొలి విడతను గూర్చియే వ్రాయుచున్నాను.

కథ యిట్టిది. నడిరేయి పండ్రెండు గంటలు కాగానే ఇంటర్నెట్టులో ఒక నల్లని పుట తెరచుకొనును. ఇతర వేళలందు అది యెవరికిని కానరాదు. తీరని కసి గలవారు తమ పగవాని పేరు అందు వ్రాసి పంపినచో, ఎఱ్ఱని కన్నులును, పొడవైన నల్లని జుట్టును గల యొక బాలిక పాఠశాల దుస్తులలో ప్రత్యక్షమగును. ఆమె పేరు ఎన్మా ఐ. ఆమె ఒక గడ్డిబొమ్మను చేతికిచ్చును. బొమ్మ మెడకు ఎఱ్ఱని దారము కట్టియుండును. ఆ దారమును లాగినచో పగవాడు వెంటనే నరకమునకు కొనిపోబడును. కాని దానికొక వెల కలదు. దారము లాగినవారును తమ యాయువు తీరిన పిదప నరకమునకే పోవలెను. ఆ యొడంబడికకు గుర్తుగా వారి రొమ్ముపై ఒక ముద్ర పడును. ఈ సంగతిని ఐ దాపరికము లేక ముందుగనే చెప్పును. లాగుమనదు, వలదనదు. తక్కినది నీవే నిర్ణయించుకొనుమని చెప్పి మాయమగును.

జపానులో గడ్డిబొమ్మను పగవాని రూపముగా భావించి, రాత్రివేళ దేవాలయపు చెట్టునకు మేకులతో కొట్టు ఆచారము పూర్వమునుండి యున్నది. ఈ చిత్రమును కల్పించినవారు ఆ పాత బొమ్మను తెచ్చి నేటి ఇంటర్నెట్టుకు ముడివేసిరి. ఐ వెంటనుండు సేవకులు ముగ్గురును మనుష్యులు కారు: ఒకడు మండుచు దొరలు బండిచక్రము, ఒకతె యెముకల గూడు, మరియొకడు పూర్వము ఖడ్గముగా నుండినవాడు. వారి యింటిచుట్టు ఎన్నడును తరుగని సంజవెలుగు. ముంగిట నెత్తురువలె ఎఱ్ఱనైన పూలు. జపానులో ఆ పూలను సమాధులచెంత నాటుదురు. భయమును పుట్టించుటకు వీరు అరపులను నమ్ముకొనలేదు. నిశ్శబ్దమును, రంగులను నమ్ముకొనిరి. చిత్రమునకు అందము వచ్చినది అందువలననే.

ఎన్మా యను పేరు మా తాతగారికి చెప్పగా ఆయన నవ్వెను. "ఆ పేరు మనదేనమ్మా! మన యముడే బౌద్ధమతంతో చీనాకు వెళ్ళాడు. అక్కణ్ణించి జపాను చేరేసరికి ఎన్మా అయ్యాడు" అనెను. ఆ మీదట నాకు చిత్రము మరింత చేరువగా తోచెను. ఐ తన పడవలో పాపిని కూర్చుండబెట్టి చీకటి నదిలో తెడ్డు వేయునపుడు నాకు వైతరణియే జ్ఞప్తికి వచ్చుచుండెను.

తొలి భాగములు చూచునపుడు నాకు కలిగిన భావమును దాచక చెప్పెదను. అది సంతోషము. మొదటి కథలో తోటి విద్యార్థినులు కొందరు ఒక బాలికను బెదరించి సొమ్ము గుంజుచుందురు. మరియొక కథలో ఒక పశువైద్యుని నిర్లక్ష్యము వలన ఒక బాలిక ప్రాణముగా పెంచుకొన్న కుక్క చనిపోవును. అట్టివారు పడవలో కూర్చుండి విలపించుచుండగా నేను చప్పట్లు కొట్టితిని. అన్నయ్య నావైపు వింతగా చూచి, "దారం లాగిన పిల్ల మాటేమిటి?" అని యడిగెను. ఆ పిల్ల పేరుతో ఒక క్రొవ్వొత్తి వెలుగుట కథ చివర కనబడును. నేను దానిని చూడనే లేదు.

ఇందు లోపములు లేకపోలేదు. అనేక భాగములు ఒకే మూసలో పోసినట్లుండును: దుర్మార్గము, నడిరేయి, బొమ్మ, దారము, పడవ. పగవాడు మసిబొగ్గువలె నల్లగాను, పగ పూనినవాడు పాలవలె తెల్లగాను కనబడుదురు. నిజజీవితములో మనుష్యులు అట్లుండరు. అయితే కొన్ని భాగములు గడచిన తరువాత షిబత అను పత్రికా విలేకరియు, అతని చిన్నారి కుమార్తె త్సుగుమియు కథలోనికి వత్తురు. ఐ కన్నులు చూచునది ఆ పసిపిల్ల మనస్సునకు కనబడుచుండును. తండ్రి పరుగుపరుగున పోయి దారము లాగవలదని జనులను వేడుకొనును. చాలసార్లు అతడు సఫలుడు కాడు. అక్కడినుండి కథ బరువెక్కును.

సెలవులు ముగిసెను. అన్నయ్య వెడలిపోయెను. చివరి నాలుగు భాగములు చూడక మిగిలియుండెను.

నవంబరులో బాలల దినోత్సవమునకు తెలుగు వ్యాసరచన పోటీ జరిగెను. వ్యాసము ఇంటివద్దనే వ్రాసి తేవలెను. ఒడియా, ఇంగ్లీషు భాషలలో నేను నలుగురిలో ఒకతెను. తెలుగులో మాత్రము బహుమానము నాదే యని నా గర్వము. అట్టి నా వ్యాసమును పోటీనుండి తొలగించిరి. దానిని మా తాతగారు చెప్పగా నేను వ్రాసితినని నా తరగతి బాలిక యొకతె ఉపాధ్యాయులతో చెప్పినదట. నేను ఇంటికి పోయి అన్నము తినక పండుకొంటిని. ఆ రాత్రి నడిరేయి వరకు మేల్కొని, నల్లని పుట యొకటి నిజముగా తెరచుకొన్నచో ఎవరి పేరు వ్రాయుదునో ఆ పేరును మనస్సులో నూరుసార్లు వ్రాసికొంటిని.

డిసెంబరులో ఒక సాయంకాలము ఆ బాలిక తన విజ్ఞానశాస్త్రపు రికార్డు పుస్తకమును బల్లక్రింద మరచి పోయెను. దానిని అప్పగించుటకు మరునాడే తుది దినము. నేను చుట్టును చూచితిని, ఎవరును లేరు. పుస్తకమును తీసి నా సంచిలో పెట్టుకొంటిని. దారము లాగుట ఎంత సులభమో నాకు అప్పుడు తెలిసినది. చేయి వణకలేదు. వీధిలో నడచుచు పాట కూడ పాడుకొంటిని.

ఆ రాత్రి నిద్ర రాలేదు. నాన్నగారి ఫోను తీసికొని, మిగిలిన నాలుగు భాగములు చూచితిని. మొదటిదానిలో ఒక నర్సు కలదు. ఆమె యందరియెడలను దయ గలది. ఎవరికిని కీడు చేసినది కాదు. అయినను ఆమెను బాగుగా నెరుగని వాడొకడు, తగిన కారణమే లేక, ఆమె పేరు పంపి దారము లాగును. పడవ ఆమెను కూడ కొనిపోవును. నరకబాలికకు న్యాయవిచారణ లేదు. పేరు వచ్చినచో పోవుటయే. త్సుగుమి దానినంతయు చూచి తల్లడిల్లును. ఇన్నినాళ్లు నేను చప్పట్లు కొట్టినది న్యాయమునకు కాదు, కేవలము దారమునకు. అది తెలిసి నాకు సిగ్గు కలిగెను.

తక్కిన మూడు భాగములు ఐ పూర్వకథను చెప్పును. సుమారు 400 సంవత్సరముల క్రిందట ఆమె యొక కొండపల్లె బాలిక. ఆ పల్లెవారు ఏడేండ్లకొకసారి ఏడేండ్ల బాలికను కొండదేవతకు బలిగా పంపుదురు. వంతు ఐ మీదికి రాగా, బంధువైన సెంటారో అను బాలుడు ఆమెను రహస్యముగా దాచి ఆరేండ్లు పోషించెను. ఊరివారు కనిపెట్టి, ఆమెను తల్లిదండ్రులతో కూడ ప్రాణములతోనే పాతిపెట్టిరి. కాపాడెదనని మాట యిచ్చిన సెంటారో చేతనే మట్టి వేయించిరి. ఆమె ఆత్మ లేచివచ్చి పల్లెను కాల్చివేసెను. ఇతరుల పగను యుగములకొలది మోయుట ఆ పాపమునకు శిక్ష. అనగా మనము దేవతయనుకొన్నది ఒక ఖైదీ! షిబతయు త్సుగుమియు ఆ సెంటారో వంశమువారే. ఐ తుదకు తన పగను వారివైపు త్రిప్పి, తల్లి మరణమునకు తండ్రియే కారణమని చూపి, పసిపిల్ల చేతికే బొమ్మ నిచ్చును. త్సుగుమి ఆ దారమును లాగదు. తండ్రి తప్పు లేదని కాదు; తప్పున్నను ఆయన తండ్రియే యని. మాలిక యంతటిలో నాకు మిక్కిలి గొప్పగా తోచిన ఘట్టమిది.

మన సామెత, ఎవరు తీసిన గోతిలో వారే పడుదురని చెప్పును. జపానువారి సామెత ఒకరిని శపింపగోరువాడు రెండు గోతులు త్రవ్వవలెనని చెప్పును. మన మాటలో పగ పారదు. వారి మాటలో పగ పారును. పగవాడు నిజముగనే పడును. పిదప రెండవ గోయి మిగులును. పగ ఫలింపదని పిల్లలను బెదరించుట సులభము. ఫలించిన తరువాత ఏమగునో చూపుట కష్టము. ఈ చిత్రమాలిక ఆ కష్టమైన పనినే తలకెత్తుకొన్నది.

మరునాడు తెల్లవారగానే పాఠశాలకు పోతిని. ఆ బాలిక నాకంటె ముందే వచ్చి కూర్చుండియుండెను. కన్నులు వాచియుండెను, వ్రేళ్లకు సిరా అంటియుండెను. రాత్రియంతయు మేల్కొని, విడి కాగితములపై రికార్డును మొదటినుండి తిరిగి వ్రాయుచున్నది. ఆమె ముందు పుస్తకము పెట్టి, "నేనే తీశాను" అంటిని. దొరికినదని చెప్పవలెనని దారిపొడుగున అనుకొంటిని గాని, ఆ వ్రేళ్లను చూచిన పిదప అబద్ధము రాలేదు. ఆమె చాలసేపు మాటాడలేదు. తరువాత మెల్లగా, "మీ తాతగారు చెప్తుంటే నువ్వు రాయడం నేను చూశాను. నేను అబద్ధం చెప్పలేదే!" అనెను.

నా వద్ద ఉత్తరము లేదు. ఆ వ్యాసములో తుది రెండు వాక్యములు తాతగారివే. తక్కినదంతయు నాదే గదా యని ఆ మాటను నాకు నేనే చెప్పుకొనుట మానివేసితిని. నా పగకు మూలము ఆమె చేసిన అన్యాయమనుకొంటిని. అందు నా తప్పు కూడ కొంత కలదని రెండు నెలల తరువాత తెలిసినది. పడవ నిజమైనదే యైనచో ఆమె ఎప్పుడో ఆవలి యొడ్డు చేరియుండును.

తల్లిదండ్రులకొక మనవి. ఈ చిత్రము పసిపిల్లలకు తగదు. ఇందు మరణము, క్రౌర్యము మెండుగా గలవు. ఉన్నత పాఠశాల విద్యార్థులు చూడవచ్చును. పెద్దలు ప్రక్కనుండి, మా అన్నయ్య యడిగినట్లు, దారము లాగినవారి మాటేమని అడిగిన మరియు మేలు. సోదర విద్యార్థులారా! మనకు బొమ్మ నిచ్చువారెవరును లేరు. కాని బల్లక్రింద మరచిన పుస్తకములు, చెవిలో వేయదగిన మాటలు, ఎవరును చూడని క్షణములు ప్రతిదినమును దొరకుచునే యుండును. అవియే మన దారములు.

ఆ బాలికయు నేనును ప్రాణస్నేహితులమైతిమని వ్రాయుటకు వీలులేదు; మాటాడుకొనుచున్నాము, అంతే. ఈ వ్యాసమును ముందుగా ఆమెకే చదివి వినిపించి, అనుమతి పొందితిని. మా తాతగారికి మాత్రము చూపలేదు. ఆమె ఒక్క దిద్దుబాటు చెప్పినది. రాత్రి తిరిగి వ్రాసిన పుటలు పదునెనిమిదని నేను వ్రాయగా, కాదు, ఇరువది రెండని చెప్పినది. ఆ లెక్కను ఇచ్చట సరిచేయుచున్నాను.

— పదవ తరగతి విద్యార్థిని